పసుపు పట్టాల మీద మా డీజిల్ ఇంజను

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకునేవాళ్లు ఆనుకోండి, కాళ్లు చాపుకునేవాళ్లు చాపుకోండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. నేను చదివింది ఐదో తరగతి. కాబట్టి పుస్తకంలో చూసి చెప్పే సంగతులు నా దగ్గర లేవు. కళ్లతో చూసినవి, చేతులు కాల్చుకున్నవి మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది ఒక డీజిల్ ఇంజను సంగతి. పట్టాల మీద కూతేసుకుంటూ ఊళ్లు దాటిపోయేది కాదు, బిడ్డను తీసుకుపోయినట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకుపోయేది.

ఆ రోజుల్లో, అంటే ప్రతి ఇంట్లో ఒక టేప్ రికార్డరు ఉండి, అది తోచినప్పుడల్లా ఒక క్యాసెట్టును నమిలి పడేస్తున్న తొంభైల నాటి రోజుల్లో, మదనపల్లెలో మా బావకు రిపేరు అంగడి ఉండేది. ముందు గది అంగడి, వెనక గది ఇల్లు. మా అక్క కాన్పుకు సాయంగా పుంగనూరు నుంచి వచ్చిన నేను, ఆ పుట్టిన బిడ్డ పాకి, నిలబడి, వీధిలోకి పరుగెత్తేదాకా కూడా వెనక్కి పోలేదు. కారణం అక్క మీద ప్రేమ కాదు (అదీ ఉండేదిలెండి). ఒకరోజు ముందు గదిలోకి టీ తీసుకుపోతే బావ చేతిలో టంకం కడ్డీ కనిపించింది. వెండిలాంటి తీగ దాని మొనకు తగలగానే చుక్కయి జారడం, సన్నటి పొగ లేవడం, తెగిన రెండు తీగలు ఒకటైపోవడం చూసి నాకు పిచ్చెక్కింది. బావ అన్నానికి లేచాడంటే చాలు, ఆ స్టూలు మీద నేను ఉండేదాన్ని. మొదట వేళ్లు కాలాయి, తర్వాత ముక్కు కొస కాలింది (ఎట్లా అని అడగొద్దు, వాసన ఎట్లుంటుందో చూద్దామని వంగాను), ఆ తర్వాత పని వచ్చేసింది. బావ నాకు పొగమ్మ అని పేరు పెట్టి, తన స్టూలు పక్కనే ఇంకో స్టూలు వేశాడు.

పుంగనూరు సంతలో పశువులకు పలుపులు, ముకుతాళ్లు అమ్మే మా నాయనకు మాత్రం ఈ స్టూలు నచ్చలేదు. ఆయన జీవితమంతా ఎద్దుల మధ్య గడిచింది కాబట్టి మనుషులనైనా, వస్తువులనైనా సంతలో పశువును చూసినట్టే మూతి నుంచి తోకదాకా చూసి బేరం తేల్చేవాడు. మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడల్లా అంగడి మెట్ల మీదే నిలబడి మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా అల్లుడా, ఆడపిల్ల చేతిలో గరిటె ఉంటే అర్థముండాది. కాల్చే కడ్డీ యాల?"

"బాగా చేస్తాండాది మామా. నాకన్నా దాని చెయ్యే నిలకడ."

"నిలకడ ఉంటే తాళ్లు పేనమను. ఇంటికి తోలకపోతా."

ఇట్లా తోలకపోతానని ఆయన, రానని నేను, మధ్యలో బిడ్డను చంకనేసుకుని ఇద్దరికీ టీలిస్తూ అక్క. ఈ బండి ఇట్లా లాక్కుంటూ పోతుండగా ఒకరోజు డ్రైవరు మామ వచ్చాడు.

డ్రైవరు మామ మాకు చుట్టం కాదు. కుప్పంలో ఉండే రిటైరైన రైలు డ్రైవరు. ఆయన భార్యది మదనపల్లె, మా వీధే. అత్తగారింటికి వచ్చినప్పుడు మా అంగడి అద్దాల వెనక బావ సరదాకు చేసిపెట్టిన రేకు రైలు పెట్టెను చూసి లోపలికి వచ్చి, జేబులోంచి కవరు, కవరులోంచి ఫోటో తీశాడు. నలుపు తెలుపు ఫోటో, అంచులు పసుపెక్కి ఉంది.

"ఇది సూడప్పా. ఈ రకం డీజిల్ ఇంజన్లు మన దేశానికి వచ్చిందే కొన్ని. ఓడలో దిగినాయి. మూతి గుండ్రంగా, నడుము సన్నంగా, కూత వేస్తే ఆంబోతు రంకేసినట్టు ఉండేది. నేను కొత్తగా చేరినప్పుడు తోలినా. తర్వాత వేరే రకాలు వచ్చి వీటినంతా ముక్కలు కోసి పాత ఇనుముకు వేసేసినారు. ఇప్పుడు నాతో పనిజేసిన మావోళ్లు ఏమంటాండారో తెలుసునా? ఈ ఫోటో సూపించినా నమ్మరు, అట్లాంటి ఇంజనే లేదంట, నేను కలలో తోలినానంట! దీన్ని బొమ్మగా చెయ్యి. ఊరికే బొమ్మ గాదు, కొలతకు కొలత ఉండాల, పట్టాల మింద నడవాల. ఆయుధ పూజకు ఆ ముసలోళ్లందరూ మా ఇంటికి భోజనానికి వస్తారు. వాళ్ల నోళ్లు మూయించల్ల."

బావ నా వైపు చూశాడు. నేను అప్పటికే ఫోటో లాక్కుని చూస్తున్నాను. ఆ పూట మమ్మల్ని చూడడానికి వచ్చి ఉన్న మా నాయన, ఎప్పట్లాగే మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన లోపలికి వచ్చి, ఫోటోను కిటికీ వెలుగులో పెట్టి, ఇంజను మూతిని కాసేపు చూసి, "జాతి మంచిదే. కానీ నడక సూడకుండా ఏ జీవాన్నీ నమ్మేదానికి లేదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి వేలెత్తాడు. "ఇట్ల జేద్దాం మ్మా. దీన్ని నువ్వు జెయ్యి. పండగనాడు కుప్పానికి నేనూ వస్తా. పదిమంది ముందర అది నడిచిందా, నీ ఇష్టం, ఈ స్టూలు మిందనే ముసలిదానివి కా. నడవలేదా, ఆ పొద్దే నాతో పుంగనూరు బస్సెక్కల్ల. మళ్లీ కడ్డీ మాట ఎత్తకూడదు."

"సరే నాయనా" అన్నాను. అంత తొందరగా సరే అనే వయసు అది.

ఇక చూడండి మా సంబరం! నిజం ఇంజనులో మూరెడుంటే మా బొమ్మలో వేలి మందం అని లెక్క పెట్టుకున్నాం. టేకు చెక్కతో అడుగు, రేకుతో ఒళ్లు, లారీ అద్దం తుడిచే మోటారు కడుపులో. పక్క వీధిలో లేతు మిషను నడిపే భాయ్ చక్రాలను ఇత్తడితో, కడిగిన ముత్యాల్లా తీసి ఇచ్చాడు. పట్టాలూ ఇత్తడివే. ఒక పట్టాలో బ్యాటరీ కరెంటు వస్తుంది, రెండో పట్టాలో తిరిగి పోతుంది, చక్రాలు ఆ కరెంటును అందుకుని మోటారుకు ఇస్తాయి. బ్యాటరీని ఇంజను కడుపులోనే పెట్టేద్దామని నేనంటే, "అట్ల పెడితే అది ఆట బొమ్మ, ఇట్ల పెడితేనే మాడల్" అని బావ ఒప్పుకోలేదు. అన్నీ కుదిరాయి కానీ ఫోటోతోనే ఒక చిక్కు వచ్చింది. అందులో డ్రైవరు మామ ఇంజనుకు ఆనుకుని, ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఏముందో కనిపించదు. బావ ఆయననే అడిగాడు.

"మామా, మీ వెనకాల తలుపా, కిటికీనా?"

"ఆడ నేనుండాను గదప్పా!"

"మీరుండారు, సరే. మీరు లేకుంటే ఏముంటాది?"

ఆయన కళ్లు మూసుకుని, "నేను లేకుండా ఆ ఇంజనును నేనెప్పుడు సూసినా?" అన్నాడు. చివరికి నేను బంకమట్టితో వేలెడంత డ్రైవరు మామను చేసి, కాల్చి, ఖాకీ రంగు వేసి, సరిగ్గా అక్కడే అతికించాను. వెనక ఏముందో అడిగేవాడు ఇక ఆయన్నే పక్కకు జరగమని అడుక్కోవాలి. ఎర్రటి మట్టిరంగు మీద పసుపు చార గీసిన రోజు అంగడిలో దాన్ని నడిపి చూశాం. స్టూళ్ల కాళ్ల మధ్య నుంచి వంకర తిరిగి వచ్చి నా కాలి బొటనవేలును ఢీకొట్టి ఆగింది. నొప్పికి అరిచానో సంతోషానికి అరిచానో అక్కకు ఈనాటికీ తెలియదు.

పండగకు ముందురోజే బావ పట్టాలు, ఇంజను వెనక తగిలించే రెండు రేకు పెట్టెలు తీసుకుని కుప్పం పోయి డ్రైవరు మామ ఇంట్లో నడిమింటి చుట్టూ పరిచేశాడు. ఇంజనును మాత్రం నేను తీసుకుపోవాలి. ఊరికే పట్టుకుపోతే దారిలో కుదుపులకు ఏమవుతుందోనని అక్క బిడ్డ ఉయ్యాల గుడ్డలో చుట్టి పొద్దున్నే బస్సెక్కాను. నిలబడ్డానో లేదో ఒకాయన లేచి సీటిచ్చాడు. పక్కన పెద్దపంజాణిలో దిగాల్సిన ఒక అవ్వ. ఆవిడ ఉండబట్టలేక, "బిడ్డ కదలకుండా ఉండాదే మ్మా, పాలు తాగినాడా?" అంది.

"తాగడవ్వా, డీజిలు తాగుతాడు."

"ఏం మాటలమ్మా అవి, దిష్టి తగలతాది! ఏదీ, ముఖం సూపీ" అని గుడ్డ తీసింది. గుండ్రటి మూతి, రెండు దీపాలు. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని, తర్వాత పమిట అడ్డం పెట్టుకుని దిగేదాకా నవ్వుతూనే ఉంది. దిగేటప్పుడు దాని మూతికి మెటికలు విరిచింది కూడా. పుంగనూరులో ఎక్కిన మా నాయన మాత్రం నవ్వలేదు. నా కాళ్ల దగ్గరున్న గుడ్డల సంచిని చూసి, "బట్టలు తెచ్చుకున్నావే, మంచిపని. ఆడినుంచి అట్లే ఇంటికి పోవచ్చు" అన్నాడు. ఎందుకైనా మంచిదని నేనే సర్దుకున్న సంచి అది. అంత ధైర్యం మరి నాది!

కుప్పంలో వాళ్లిల్లు రైలు కట్ట పక్కనే. బండి పోయినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. గుడ్డలోని ఇంజనుతో నేను నడిమింట్లోకి అడుగుపెట్టి, నిలబడ్డచోటే నిలబడిపోయాను. పట్టాలు మెరవడం లేదు. మొదటి నుంచి చివరిదాకా, రెండు పట్టాలూ, గడపకు పూసినట్టు చిక్కగా, నిండుగా పసుపు! జానెడుకొకటి కుంకుమ బొట్టు. మూలమలుపు దగ్గర ముగ్గు కూడా ఉంది. బ్యాటరీ ఛార్జి చేయించుకు రావడానికి బజారుకు పోయిన బావ, దాన్ని మోసుకుంటూ నా వెనకే వచ్చి, ఆ పసుపు చూసి బ్యాటరీని దాదాపు కాలి మీద వేసుకున్నాడు.

"అత్తా, ఇదేంది?" అన్నాను.

డ్రైవరు మామ భార్య ముఖం వెలిగిపోతోంది. "ఏందా? ఆయుధ పూజనాడు లోహం బోసిగా ఉండకూడదు మ్మా. కత్తిపీటకు పూసినా, కుట్టుమిషనుకు పూసినా, సైకిలుకు, గ్యాసు బండకు పూసినా. మీ పట్టాలు ఏం పాపం జేసినాయి? రాలిపోకుండా రవ్వంత నూనె గూడా కలిపినా. లక్షణంగా ఉండాదా లేదా?"

లక్షణంగానే ఉంది. పెళ్లికూతురులా ఉంది. ఆ పూత మీంచి చక్రాలకు కరెంటు ఒక్కటే రాదు.

ఇంతలో డ్రైవరు మామ పాత స్నేహితులు గోడల వెంబడి చాపల మీద కుదురుకున్నారు. అందరిలోకి పెద్ద నోరు బట్టతల గార్డాయనది. బావ ఇంజనును పట్టాల మీద పెట్టి, వెనక రెండు పెట్టెలు కలిపి, బ్యాటరీ తగిలించి, స్విచ్చి వేశాడు. ఏమీ లేదు. తీసి వేశాడు. ఏమీ లేదు. నెమ్మదిగా వెనక నుంచి తోశాడు. తోసినంత దూరం పోయి ఆగింది.

"నేను అప్పుడే జెప్తిని గదా! కలలో తోలిన ఇంజను కలలోనే నడస్తాది" అన్నాడు గార్డాయన. చాపలన్నీ నవ్వాయి. డ్రైవరు మామ తువ్వాలు తీసి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి వేసుకున్నాడు.

"అల్లుడా, మొరాయిస్తాండాదే" అన్నాడు మా నాయన గుమ్మం దగ్గర నుంచి.

బావ తడిగుడ్డ తీసుకుని పట్టాల మీదికి వంగాడు. అత్త గభాలున అడ్డం వచ్చింది. "యాడికప్పా గుడ్డ? నిండు పండగపూట, ముత్తైదువను నా కళ్లముందర, పూసిన పసుపు తుడస్తావా? ఈ ఇంటికి మంచిదేనా అది?" బావ చెయ్యి టంకం కడ్డీ తగిలినట్టు వెనక్కి వచ్చింది. ఆ మాటకు ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు? చెబితే రైలు నడుస్తుంది కానీ ఆ తల్లి మనసు నడవదు. "ఒక్క పట్టా అన్నా..." అన్నాడు బావ గొణుగుతూ. "సగం పసుపు తుడిస్తే సగం పాపమా?" అందావిడ.

మా నాయన వచ్చి నా సంచి అందుకున్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా. "పదమ్మా. భోంచేసి బస్సుకు పోదాం." నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలొంచుకున్నాను. అట్లా తలొంచుకోవడమే మంచిదైంది. గుమ్మం అవతల వాకిట్లో నిలబెట్టిన సైకిలు, దాని చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు, పక్కన పళ్లెంలో మిగిలినవి కనిపించాయి. పండక్కు ముందు ఇత్తడి చెంబులను చింతపండుతో, నిమ్మచెక్కలతో తోమీ తోమీ అరిగిన చేతులండీ నావి. ఆ చేతులే ముందు లేచాయి, నోరు తర్వాత లేచింది.

"అత్తా! సైకిలుకు నిమ్మకాయ తొక్కించినారే, మా బండికి యాల తొక్కించలేదు? అందుకే అది కదల్లేదు!"

ఆవిడ నాలుక కరుచుకుంది. "అయ్యో, అవునే తల్లీ!" అని ఒక కాయ తెచ్చి ఇంజను ముందు పెట్టింది. కాయ ఇంజను చక్రాలకన్నా ఎత్తుగా ఉంది.

"ఇంజను ముందర కొండ పెట్టినావే!" అన్నాడు డ్రైవరు మామ.

"ఇది పసిబిడ్డ అత్తా, అంత కాయను తొక్కలేదు" అన్నాను ఊపిరి కూడా పీల్చుకోకుండా. "మనమే కాయ కోసి, చక్రాలు పోయే దారి పొడుగునా రెండు పట్టాల మిందా తొక్కిస్తాం."

ఆవిడకు సందేహం వచ్చింది. "అట్ల చెయ్యొచ్చునా? శాస్త్రం ఒప్పుకుంటాదా?" అని, ఆ గదిలో అందరికన్నా పెద్దవాడిలా, పంచె తలపాగాతో నిలబడ్డ మనిషిని అడిగింది. ఆ మనిషి మా నాయన. చేతిలో నా సంచి.

ఒక్కమాట. "ఒప్పుకోదు" అంటే అయిపోయేది. ఆయన నా ముఖం చూశాడు, పట్టాలు చూశాడు, సంచి బరువు చూసినట్టు ఒకసారి ఎత్తి దించాడు.

"దూడ ఈనంగానే లేచి నిలబడలేకుంటే మనమే కాళ్లు పట్టి నిలబెడతాం గదా తల్లీ" అన్నాడు. "బిడ్డ తొక్కలేకుంటే పెద్దోళ్లు తొక్కియ్యొచ్చు. తప్పు లేదు."

ఇక చూడాలి ఆ నడిమిల్లు! నేనొక వైపు, అత్త ఒక వైపు, చెరో నిమ్మచెక్క పట్టుకుని మోకాళ్ల మీద పాకుతూ రుద్దుడే రుద్దుడు. పూజసామాను తోమే చెయ్యి కదా ఆవిడది, ఒకసారి రుద్దడం మొదలుపెట్టాక ఆగదు. "నిమ్మరసం అట్లనే వదిలేస్తే చీమలు పడతాయి అత్తా" అన్నాను. "అవును మ్మా, రసం తుడిస్తే పాపం లేదు" అని తన పమిట చెంగుతోనే తుడిచింది. చెంగంతా పసుపు, పట్టాలంతా బంగారం. పక్కకు తిరిగి చూస్తే బావ గోడ వైపు ముఖం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు.

స్విచ్చి నేనే వేశాను. కడుపులో మోటారు ఒకసారి గుర్రుమంది. ఇంజను ముందుకు జరిగింది, తడుముకుంది, ఆ తర్వాత కదిలిపోయింది! మూలమలుపు దగ్గర ముగ్గు పక్కనుంచి, చాపల ముందు నుంచి, మట్టి డ్రైవరు ఛాతీ విరుచుకుని నిలబడి ఉండగా, వెనక రెండు పెట్టెలను లాక్కుంటూ పోయింది. డ్రైవరు మామ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆంబోతులా ఒక కూత వేశాడు చూడండి, వీధిలో కుక్కలు మొరిగాయి. గార్డాయన కండువా తీసి, జెండా ఊపినట్టు ఊపుతూ, ఇంజను తన ముందుకు వచ్చినప్పుడల్లా పంపిస్తూ కూర్చున్నాడు. అదే సమయంలో కట్ట మీద నిజం ఎక్స్‌ప్రెస్సు ఇల్లదిరేలా పోయింది. ఒక్కరూ తల తిప్పలేదు.

మా నాయన? పంచె ఎగ్గట్టి, గొంతుకూర్చుని, నా సంచిని చంకలో పెట్టుకునే, ఇంజను పక్కనే బాతు నడిచినట్టు నడిమింటి చుట్టూ తిరుగుతున్నాడు. సంతలో ఎద్దు నడక చూసినట్టు పక్కనుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు. మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే బావ లేపాడు.

"నడక మంచిదే. తోక రవ్వంత ఆడిస్తాండాది" అన్నాడు. చివరి పెట్టె కొంచెం ఊగుతున్న మాట నిజమే. "మదనపల్లెకు పోయినాక అది సరిజెయ్ మ్మా." అని సంచి నా చేతిలో పెట్టి భోజనానికి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. కరెంటును ఆపింది పసుపేనని, నిమ్మచెక్క దాన్ని వదిలిస్తుందని ఆయనకు తెలిసే ఆ తీర్పు చెప్పాడా, తెలియక చెప్పాడా అని నేను అడగలేదు. అడిగినా, "అన్నం చల్లారతాది, తిను" అనేవాడు.

ఆ తర్వాత పుంగనూరు సంతలో ఏం జరిగిందో వింటే మీరు నవ్వుతారు. పలుపులు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ నాయన ఈ కథ చెప్పాడు. మేము కష్టపడి మూరను వేలుకు తగ్గించి చేస్తే, ఆయన చెప్పిన ప్రతిసారీ ఇంజను కొంచెం పెరిగింది. మొదట మేక అంత, తర్వాత ఎద్దంత. రెండువేల సంవత్సరం దాటాక ఒకరోజు బైరెడ్డిపల్లె నుంచి ఒక రైతు మా అంగడికి వచ్చి, తలపాగా సర్దుకుని, "ఏమ్మా, మీరే గదా రైలు చేసేది? మా పక్కకు ఎప్పుడు వదులుతారు? టమాటాలు వేసుకునేదానికి పెట్టెలుంటాయా?" అని నమ్మకంగా అడిగాడు. బావ స్టూలు మీంచి పడిపోయాడు. నేను మాత్రం ఆయనకు టీ ఇచ్చి, "ఇంకా పట్టాలు పరిచేది ఉండాది అప్పా" అని చెప్పి పంపాను. మా నాయన మాట పోకూడదు కదా.

నాయన లేడు ఇప్పుడు. స్టూలు ఉంది, దాని మీద నేనున్నాను. కళ్లద్దాలు లేకపోతే తీగ కనిపించదు, ఉంటే ముక్కు మీదికి జారుతాయి. ఒక్కోసారి పొగ లేచినప్పుడు, ఓడిపోతే పుంగనూరు పట్టుకుపోవడానికి బట్టలు కూడా సర్దుకుని గెలవడానికి బయల్దేరిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సంచి ఇటిచ్చెయ్ పిల్లా, దాని అవసరం రాలేదు అని చెప్పాలనిపిస్తుంది. కానీ అది వింటుందా, అప్పటికే బస్సెక్కేసి ఉంటుంది.

ఇంతసేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పొయ్యి ఆరకూడదు, మీ పిల్లల చేతుల్లో పని నిలవాలి. వాళ్లు ఏ పిచ్చిపని పట్టుకుని చేతులు కాల్చుకున్నా, ఆ సమయానికి తప్పు లేదని చెప్పే పెద్దదిక్కు ఒకటి మీ నడిమింట్లో ఎప్పుడూ ఉండాలి.